నల్లగొండ గడీలో పెళ్లి: "300 ఏళ్ల రాజభవనం" అన్నది ఎంతవరకు నిజం?

మీరు అడిగినవి రెండు. నల్లగొండ పక్కన పెళ్లిళ్లకు ఇస్తున్న గడీ (ఊరి దొర ఉండిన కోటలాంటి పాత ఇల్లు) బోర్డు మీద "300 ఏళ్ల రాజభవనం" అని ఉంది, అది నిజమేనా? మీ తాతగారు "గడీల పెళ్లేందిరా" అని ఎందుకు మొండికేస్తున్నారు? మాది ఆ జిల్లానే. మా ఊరి గడీని కూడా ఫంక్షన్లకు ఇస్తున్నారు, మా బంధువుల పెళ్లి ఒకటి అందులోనే అయింది. ఆ అనుభవంతో రాస్తున్నా.

ముందు "రాజ" అన్న ముక్క తీసేయండి. పేరున్న సంస్థానాధీశులు ఎక్కువగా ఉన్నది పాలమూరు వైపు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు వాళ్లవి. వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టారు, గద్వాల కోటలోకి డిగ్రీ కాలేజీ వచ్చింది. నల్లగొండ గడీలు ఎక్కువగా దేశ్‌ముఖులవి. దేశ్‌ముఖ్ రాజు కాదు, సర్కారుకు శిస్తు వసూలు చేసి పెట్టేవాడు. 1860లలో నిజాం దివాన్ సాలార్‌జంగ్ జిల్లాబందీ (జిల్లాల వారీ పాలన) తెచ్చి ఆ పని ఉద్యోగులకు అప్పగించాడు. పోయిన పెత్తనానికి బదులు దేశ్‌ముఖులకు ఏటేటా రుసుం కట్టించాడు. తర్వాత భూముల సర్వే వచ్చింది. కాగితం చదవగలిగింది, సర్కారు కచేరీలో మాట చెల్లింది వీళ్లకే. ఊళ్లకు ఊళ్లు వీళ్ల పేరున పట్టా అయ్యాయి. మనం చూసే గడీల్లో చాలావాటి ఠీవి ఆ తర్వాత వచ్చిన డబ్బుదే.

వయసు సంగతి కప్పు చెప్తుంది. మా ఊరి గడీలో పెద్ద హాలు పైన ఇనుప దూలాలు, వాటి మధ్య ఇటుక కమాన్లు ఉంటాయి. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చిందే 1874లో. అంత బరువు ఇనుము అంతకుముందు ఎడ్లబండ్ల మీద ఊళ్లోకి దిగి ఉంటుందంటే నేను నమ్మను. బురుజు, నేలమాళిగ అంతకన్నా పాతవి కావచ్చు, కాబట్టి "ఏ భాగం 300 ఏళ్లది?" అని అడగండి. దర్వాజ మీద రాతిలో 1330 లాంటి అంకె కనిపిస్తే ఎగిరి గంతేయకండి. అది ఫసలీ (నిజాం సర్కారు శిస్తు లెక్కల) సంవత్సరం అయి ఉండొచ్చు, అలాగైతే 590 కలపాలి. అంటే 1920 నాటిది.

అక్కడి మేనేజర్ నిజాం నవాబు వేటకొచ్చి ఇక్కడే బస చేశాడని కూడా చెప్తాడు. అన్ని గడీల్లో పడుకుని ఉంటే ఆయన హైదరాబాద్‌లో ఉన్నదెప్పుడో! గోల్కొండ దాకా సొరంగం కథ కూడా ప్రతి గడీకీ ఉంటుంది. కాగితం కావాలంటే 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల రికార్డు) చూడండి, గడీ చుట్టూ భూములు ఎవరి పేరున, ఎవరి సాగులో ఉన్నాయో తెలుస్తుంది. నిజాం కాలపు రికార్డులు హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఉర్దూ, ఫారసీ చదివేవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాలి.

ఇక మీ తాతగారి సంగతి. మా వాళ్ల పెళ్లిలో పెళ్లికూతురిని తయారు చేసిన ఏసీ గదికి కిటికీ లేదు. పైకప్పులో జానెడు వెడల్పున ఒక గుండ్రటి రంధ్రం ఉంది, అందులోంచి ఏసీ పైపు తీశారు. అది గరిసె అర్ర, అంటే ధాన్యం నిల్వచేసే గది. మిద్దె మీది నుంచి వడ్లు ఆ రంధ్రంలోంచి పోసేవాళ్లు. మా నాయనమ్మ చిన్నప్పుడు ఆ వడ్లు మోసింది, కూలీ లేకుండా. ఆకలికాలంలో అదే గరిసెలోంచి నాగుకు (ధాన్యం అప్పుగా) తెచ్చుకుంటే పంటకాలానికి ఒకటికి ఒకటిన్నర కొలవాలి. పెద్ద దర్వాజ దొరల బండ్లకు, పనిచేసేవాళ్లకేమో వంగి దూరే దిడ్డి దర్వాజ. ఇప్పుడు సెల్ఫీలు దిగేది అక్కడే. ఆమెను ఆ పెళ్లికి రమ్మంటే వచ్చింది, తిన్నది, ఫొటో స్టేజీ మాత్రం ఎక్కలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో, దొరల పెత్తనాన్ని ఎదిరించిన దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ ఊరు అప్పుడు నల్లగొండ జిల్లాలోదే. తర్వాత ఐదేళ్లు జిల్లా మొత్తం సాయుధ పోరాటంలో ఉంది. చాలామంది దొరలు గడీలకు తాళాలేసి హైదరాబాద్ వెళ్లిపోయారు. అవన్నీ మీ తాతగారి ఈడు వాళ్లకు చిన్నప్పుడు చూసినవో, ఇంట్లో విన్నవో. ఆయనది మొండితనం అనుకోకండి. మీరు వెతుకుతున్న చరిత్రలో సగం ఆయన దగ్గరే ఉండొచ్చు, రికార్డు చేసుకోండి.

అలాగని పాత గడీలను వాడొద్దని నేననను. వాడకపోతే కూలిపోతాయి. కామారెడ్డి వైపు దోమకొండ గడీని పద్ధతిగా బాగు చేయించారు, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. మా ఊళ్లో డంగు సున్నం గోడలకు సిమెంటు పూశారు, చెమ్మ లోపలే ఉండిపోయి రెండో వానాకాలానికే పెచ్చులూడింది. పైగా డెకరేషన్ వాళ్లు మేకులు కొడతారు. అడ్వాన్స్ ఇచ్చే ముందు మిద్దె మీదికి ఎంతమందిని ఎక్కనిస్తారో, బావికి జాలీ ఉందో లేదో కనుక్కోండి. సంగీత్ డాన్సులు మాత్రం మిద్దె మీద వద్దు, కింద వాకిట్లో పెట్టుకోండి.

అప్పటికీ తాతగారు ససేమిరా అంటే వేరే హాలు తీసుకోండి. నల్లగొండలో ఫంక్షన్ హాళ్లకు కరువు లేదు.