డ్రైవు మార్చామా, ఎక్కించామా?

సందేహం: మా ఆఫీసులో వాడుకోవడానికి తెలుగులో సూచనల పత్రం రాస్తున్నాను. "సిస్టమ్ డ్రైవును (విండోస్ ఉండే డిస్కును) పెద్ద ఎస్సెస్డీకి మార్చే విధానం" అని శీర్షిక పెట్టాను. మార్చడమంటే పాతది పీకి కొత్తది పెట్టడమేననీ, 'తరలించే విధానం' అనాలనీ మిత్రుడి వాదన. ఏది సరైంది? క్లోనింగ్‌కూ (ఒక డిస్కులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు మరో డిస్కులోకి దించడం), సాలిడ్ స్టేట్ డ్రైవుకూ (అదే ఎస్సెస్డీ) తెలుగు మాటలు చెప్పగలరా?

సమాధానం: తప్పు 'మార్చు'ది కాదండీ, విభక్తిది. "బల్బు మార్చాను" అంటే పాతది తీసేశాను. "బియ్యం పెద్ద డబ్బాలోకి మార్చాను" అంటే బియ్యం అవే, డబ్బా వేరు. మీ శీర్షికలో ఈ రెండూ కలగలిసిపోయాయి. "డ్రైవులో ఉన్నదాన్ని పెద్ద ఎస్సెస్డీలోకి మార్చే విధానం" అంటే పేచీ లేదు. నోటి మాటలో ఇంత పట్టింపు అక్కర్లేదు లెండి. "ఇల్లు మారాం" అంటే ఇంటిని మోసుకెళ్లామని ఎవరూ అనుకోరు కదా.

'తరలించు'తోనే నాకు ఎక్కువ పేచీ. ధాన్యాన్ని గోదాముకు తరలిస్తే కల్లం ఖాళీ అవుతుంది. ఖైదీని తరలిస్తే పాత జైల్లో అతను ఉండడు. డ్రైవు సంగతి అలా కాదు. కొత్తదాంట్లోకి చేరాక కూడా పాతదాంట్లో విండోస్, పెళ్లి ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఎక్కడివక్కడే ఉంటాయి. "తరలించేశాం కదా" అని పాత డిస్కును ఎవరికైనా అమ్మితే ఇంటి గుట్టంతా దాంతోపాటే పోతుంది.

ఇక్కడ 'నకలు' మాట చూడండి, ముచ్చటేస్తుంది. ఇది అరబ్బీ 'నక్ల్'. అక్కడ దానికి ప్రతి తీయడమనే అర్థమూ ఉంది, ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడమనే అర్థమూ ఉంది. అరబ్బు దేశాల్లో రవాణా మంత్రిత్వ శాఖ పేరులో ఉండేది ఈ మాటే. ఉర్దూలో వలసను 'నక్ల్-ఎ-మకానీ' అంటారు. మనం మాత్రం రవాణాను వదిలేసి ప్రతిని ఉంచుకున్నాం: పహాణీ నకలు, తీర్పు నకళ్లు. మీకూ మీ మిత్రుడికీ వచ్చిన తగవు అరబ్బీలో అయితే ఒక్క మాటతో తీరిపోయేది.

క్లోనింగ్‌కు 'నకలు' కాస్త చిన్నదనిపిస్తుంది. ఫైలుకూ నకలే, డిస్కుకూ నకలే అంటే తేడా తెలియదు. 'మక్కీకి మక్కీ' అన్నదే దీనికి అతికిన మాట. ఉర్దూలో మక్కీ అంటే ఈగ. మూలంలో చచ్చిన ఈగ అంటుకుని ఉంటే లేఖకుడు తన ప్రతిలోనూ ఓ ఈగను అంటించాడట! క్లోనింగ్ సరిగ్గా అంతే. నా ల్యాప్‌టాప్‌లో 256 జీబీ డిస్కు నిండిపోయి, ఖాళీ ఎంతుందో చూపే గీత ఎర్రబడితే, మా మేనల్లుడు ఒక టీబీ ఎస్సెస్డీ తెచ్చి మక్కీకి మక్కీ దించాడు. తీరా చూస్తే సి డ్రైవు పాత కొలతల్లోనే ఉంది! విండోస్ లెక్కలో పాత డిస్కు 238 జీబీ, కొత్తది 931 జీబీ. అందులో 690 పైచిలుకు బీడుగా పడి ఉంది. సి డ్రైవును అందులోకి పెంచుదామంటే నడుమ రికవరీ పార్టిషన్ (విండోస్ చెడితే బాగుచేసే ఫైళ్లుండే భాగం) అడ్డు. మన చేనుకీ బీడుకీ మధ్య వేరేవాళ్ల గట్టు ఉన్నట్టన్నమాట. దాన్ని ఆ చివరకు జరిపాకే సి పెరిగింది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ సర్దుబాటు వాటంతటవే చేస్తాయి. మావాడు వాడింది చేయలేదు.

ఈగ అంతటితో పోలేదు. పాత డిస్కును కూడా తగిలిస్తే విండోస్ దాన్ని ఆఫ్‌లైన్‌లో, అంటే వాడకుండా పక్కన, పెట్టేసింది. డిస్కు గుర్తింపు సంఖ్య కూడా దిగిపోయింది మరి, ఇద్దరికీ ఒకే ఆధార్ నంబరు వచ్చినట్టు.

ఇంతకీ మీ శీర్షికకు నా ఓటు 'ఎక్కించు'కు. సెల్‌ఫోన్ షాపుల్లో మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకున్న రోజులు గుర్తున్నాయా? పాట మన కార్డులోకి వచ్చేది, షాపులోనూ ఉండేది. రికార్డులో పేరు ఎక్కించినా మనిషి ఎక్కడికీ పోడు. 'తరలించు'లో లేనిది ఇదే. లారీకి సామాను ఎక్కిస్తే ఇల్లు ఖాళీ అవుతుంది కదా అని మీ మిత్రుడు అడ్డు తగలవచ్చు. నిజమే, కానీ కంప్యూటర్ల దగ్గర జనం ఈ మాటను పాటల అర్థంలోనే స్థిరపరిచారు. "పాత డ్రైవులోని విండోస్‌ను కొత్త ఎస్సెస్డీలోకి ఎక్కించే విధానం" అని రాయండి.

సాలిడ్ స్టేట్‌కు 'ఘనస్థితి' ఉంది, రసాయన శాస్త్రంలో వాడే మాటే. వాల్వు రేడియోలు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చిన కాలంలో ఎలక్ట్రానిక్స్‌లో ఆ మాట పాకింది: గాజు బుడ్డిలోని శూన్యంలో కాక గట్టి పదార్థంలోనే కరెంటు నడిచే పరికరమని. 'ఘనస్థితి చోదకం' అని మాత్రం రాయకండి. చోదకుడంటే బండి తోలేవాడు, ఈ డిస్కులో తిరిగే చక్రమే లేదు. ఎస్సెస్డీ అనే రాయండి. 'డ్రైవ్‌'కు చివర ఉకారం పెడితే డ్రైవును, డ్రైవుకు, డ్రైవులోకి అని విభక్తులు చక్కగా కుదురుకుంటాయి.