బాతూ ముళ్లపందీ కలిస్తే

ప్రశ్న: పాత పిల్లల పత్రికల కవితల్లో నీతులు, చందమామ, కోయిలలే ఉండేవా? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అవి ఉండేవమ్మా, కానీ అవే కాదు. నా బాల్యం ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో గడిచింది. పక్కింటి మాసీమా (బెంగాలీలో పిన్ని అన్నమాట) ‘సందేశ్’ అనే బెంగాలీ పిల్లల పత్రికలో వచ్చిన కవి సుకుమార్ రాయ్ కవితలు చదివి వినిపించేది. ఆ పత్రికను 1913లో కలకత్తాలో ఆయన తండ్రి ఉపేంద్రకిశోర్ మొదలుపెట్టారు.

అందులో ‘హాఁస్‌జారు’ అని ఒక జంతువు. హాఁస్ అంటే బాతు, సజారు అంటే ముళ్లపంది. మొదటి మాట చివరి ‘స’ను రెండో మాట మొదటి ‘స’ పట్టుకుని రెండూ ఒక్క ప్రాణి అయిపోతాయి. వ్యాకరణం ఒప్పుకోనని కవే బ్రాకెట్లో చెప్పేస్తాడు! బడిలో వ్యాకరణానికి దెబ్బలు తిన్న నాకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో.

ఇంకో కవితలో శివుడి దేశపు చట్టాలు. కాలు జారి పడితే బంటు వచ్చి పట్టుకుపోతాడు, కాజీ ఇరవై ఒక్క రూపాయల జరిమానా వేస్తాడు. సాయంత్రం ఆరు లోపు తుమ్మాలంటే టికెట్ కావాలి. పిల్లలకు అది నవ్వు. తెల్లదొరల పాలనలో బతుకుతున్న పెద్దలకు మాత్రం అది ఏ ప్రభుత్వమో అర్థమయ్యే ఉంటుంది. మీసం పోయిందని గోల పెట్టే హెడ్డాఫీసు పెద్దబాబూ ఆ లోకంవాడే.

ఈ కవితల పుస్తకం 1923 సెప్టెంబరులో వచ్చింది, ఆయన చనిపోయిన కొద్దిరోజులకే. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. మాసీమా ఆ సంగతి చెప్పిన రోజు పుస్తకం మూసి చాలాసేపు ఒళ్లో పెట్టుకుంది.