కాటా గది గురించి ఇంకా రాయండి

చెల్లెమ్మకు ఆశీస్సులు.

కాటా గుమాస్తా నుంచి టీచరు దాకా మీ కథ రాసి పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. మొదటిసారి చదవాలనిపించి, రెండోసారి పెన్సిలు పట్టుకుని. మీ రాతలో జీవం ఉంది. ఈ మాట నేను అందరికీ అనను. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలేయకుండా ఉత్తరం రాస్తున్నాను.

ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా కొన్నేళ్ళు వృథాగా గడిచిపోయాయి" అని రాసి, అక్కణ్ణించి నేరుగా టీచరు పోస్టుల డీఎస్సీ రిజల్టుకు వెళ్ళిపోయారు. డీఎస్సీకి పేజీలకు పేజీలు, కాటాకు ఒక్క వాక్యం. నన్నడిగితే ఈ కొలతలు తారుమారు కావాలి.

డీఎస్సీ సంగతులు మనవాళ్ళకు కొత్త కాదు. ప్రతి వీధిలో ఒకరైనా ఆ పరీక్ష రాసినవాళ్ళు ఉంటారు. 2018 నోటిఫికేషన్ తర్వాత ఎదురుచూపులు, 2024లో ఇచ్చింది రద్దు కావడం, చివరికి 2025లో 16,347 పోస్టులు, టీచరు అర్హత పరీక్ష టెట్‌కు 20 మార్కులు పోను 80కి పరీక్ష... ఇవన్నీ వాళ్ళకు నోటికి వచ్చు. కోచింగ్ సెంటర్ వర్ణన తీసేయండి. వయోపరిమితి 44కి పెంచారన్న వార్త పేపర్లో చూసి, అమ్మ దగ్గరికి పరిగెత్తి మీ పుట్టినరోజు తేదీ మళ్ళీ అడిగారే, అది మాత్రం ఉంచండి. నలభై దాటిన మనిషికి ఆ ఒక్క అంకె ఎంత ముఖ్యమో ఆ రెండు లైన్లలో తెలిసిపోతోంది.

ఇక కాటా గదికి వద్దాం. చదువురాని రైతులకు చీటీ వెనక పెన్నుతో తీసివేత వేసి చూపించేదాన్నని పదో పేజీలో, అదీ బ్రాకెట్లో రాశారు. బ్రాకెట్లో పెట్టాల్సిన విషయమా అది? మన చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి సీజనంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. జూన్ వచ్చిందంటే ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు. లోడు మీద కాయలు మెత్తబడిపోతుంటాయి. రైతులు బండి కిందే పడుకుంటారు. 2025లో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, దాని మీద ప్రభుత్వం 4 ఇస్తుంది అన్నప్పుడు ఆ లైన్లలో ఎంత టెన్షన్ ఉండిందో చిత్తూరు వాళ్ళెవరూ మరిచిపోలేరు. సరిగ్గా ఆ జూన్‌లోనే మీ పరీక్ష. పగలంతా కాటా, రాత్రి పుస్తకం. ఇంత ఉంచుకుని "వృథాగా గడిచిపోయాయి" అని ఎలా రాయగలిగారు?

మీ కాగితాలన్నిటిలోకీ బాగున్నది ఎనిమిదో తరగతి పీరియడు. బోర్డు మీద కాటా చీటీ గీశారు. లోడుతో 8,240 కిలోలు, ఖాళీ బండి 3,460, నికరం 4,780. కిలో 12 రూపాయల లెక్కన 57,360. అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్న పిల్లోడు చెయ్యెత్తి, "మేడం, ఖాళీ బండి బరువు మళ్ళా ఎందుకు చూస్తారు? పోయిన తూరి చూసినారు కదా" అన్నాడు. డీజిల్ తగ్గి ఉంటుంది కదా అని మీరన్నారు. వాడు ఊరుకోలేదు. "లోడప్పుడు మా నాయన బండి మీదే కూర్చోని, ఖాళీ బండి కాటాకెక్కినప్పుడు దిగేస్తే?" క్లాసంతా నవ్వింది. మీరు నవ్వకుండా, మీ నాయన బరువెంత అని అడిగి, 65 అంటే 65 రాసి, దాన్ని 12తో గుణించమన్నారు. 780 రూపాయలు. అందుకే డ్రైవరు రెండుసార్లూ బండి మీదున్నాడా లేదా అని చూడటమే నా పనిగా ఉండేది అని వాళ్ళకు చెప్పారు.

చదువుతూ నేను లేచి నిలబడ్డానంటే నమ్మండి. కానీ ఆ కిందే "జీవితంలో ఏ అనుభవమూ వృథా కాదని అప్పుడు అర్థమైంది" అని రాశారు. దాన్ని కొట్టేయండి. మొదట్లో వృథా అన్నారు, చివర వృథా కాదన్నారు. రెండూ తీర్పులే. తీర్పు పాఠకుడు చెప్పుకుంటాడు. ఆ రెంటి మధ్య జరిగినదేమిటో మీరు రాయాలి. ఆ గదిలో మీకు ఏం కనిపించేది, చీటీ అందుకుని రైతు ముందు ఏ అంకె చూసేవాడు, ఎవరికి ఎలా చెబితే అర్థమయ్యేది, ఎవరికి ఎంత చెప్పినా అనుమానం తీరేది కాదు. క్లాసులో మీరు చేస్తున్నది అదే పని కదా. టీచింగ్ మీకు బీఎడ్‌లో మొదలు కాలేదు.

బీఎడ్ అన్నాను కాబట్టి ఇంకో మాట, కొంచెం కష్టమైనది. చిత్తూరు నుంచి తిరుపతికి పొద్దున్నే బస్సెక్కి రెండేళ్ళు చదివారు. లెసన్ ప్లాన్లు రాశారు, చార్టులు చేశారు, టీచింగ్ ప్రాక్టీస్‌లో మెప్పు పొందారు. తర్వాత డీఎస్సీ నోటిఫికేషన్ రాకపోవడంతో మళ్ళీ అదే కాటా గదిలోకి వచ్చి కూర్చున్నారు. ఆ రోజు గురించి ఒక్క ముక్క లేదు. ఫీజుకు ఎవరి నగలు కుదువ పెట్టారు, తిరిగి పనిలోకి వెళ్ళిన పొద్దున ఇంట్లో ఎవరేమన్నారు, గేటు దగ్గర వాచ్‌మన్ ఏమడిగాడు? మీకు చెప్పుకోవడం ఇష్టం లేకపోవచ్చు, బలవంతం చేయను. అయితే నలభై దాటాక పుస్తకం పట్టిన ఏ మనిషైనా మీ రచనలో ముందు వెతికేది ఆ పేజీనే. గెలిచిన రోజు ఎలా ఉంటుందో వాళ్ళు ఊహించుకోగలరు. బీఎడ్ పట్టా ఇంట్లో పెట్టి పాత కుర్చీలో కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు కావాలి.

పిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త. ఆ పిల్లోడి పేరు మార్చండి, ఊరు కూడా మార్చండి. ఇంకో అమ్మాయి ఇంటి గొడవ రాశారు, అది మీకు నమ్మకంతో చెప్పుకున్నది. ఎంత బాగా రాసినా అది అచ్చులోకి రాకూడదు. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

భాష గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పిల్లల మాటలు మన యాసలోనే వచ్చాయి, వాటిని దిద్దకండి. తమిళనాడు సరిహద్దులో గుడిపాల వైపు నుంచి వచ్చే పిల్లలు తెలుగులో తమిళం కలిపేస్తారని రాశారు, ఆ మాటలు అలాగే వేయండి. మీరు మాట్లాడేచోట మాత్రం పాఠ్యపుస్తకం భాష తొంగిచూస్తోంది. "విద్యార్థులు ఆసక్తిని కనబరిచారు" అని మీరు ఇంట్లో ఎప్పుడైనా అన్నారా?

మొత్తం తిరగరాయడానికి ఇప్పుడే కూర్చోకండి. పదో తరగతి పరీక్షల పని మీ నెత్తిన ఉంటుంది. వేసవి సెలవుల్లో కాటా గది ఒక్కటే రాసి పంపండి, ఎన్ని పేజీలైనా సరే. చేతిరాతైనా ఫరవాలేదు. కాగితానికి ఒకవైపే రాసి, ఎడమ పక్క వెడల్పుగా మార్జిన్ వదలండి, నాకు రాయడానికి చోటు కావాలి.

ఇట్లు
మీ అన్నయ్య,
తిరుపతి