ప్యాచ్ రాగానే వేయాలా, కొన్నాళ్లు ఆగాలా?

విండోస్‌కు భద్రతా ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చిన రోజే వేసుకోవాలా, ఇతరులు వేసి చూసేదాకా ఆగాలా అని మీరు అడిగారు. పదిహేను కంప్యూటర్లున్న ఒక చిన్న ఆఫీసులో వాటి బాగోగులు చూసే పని నాది. ఒకప్పుడు నేను కూడా ఆగమనే చెప్పేవాణ్ణి. మేము మార్చకుండా వదిలేసిన పాత డ్రైవర్ (ప్రింటర్‌ను కంప్యూటర్ నడిపించడానికి వాడే సాఫ్ట్‌వేర్) వల్ల, 2016లో ఒక అప్‌డేట్ తర్వాత బిల్లింగ్ ప్రింటర్ ఆగిపోయి, రెండు రోజులు బిల్లులు చేత్తో రాయవలసి వచ్చింది. ఆ భయంతో అప్‌డేట్లన్నీ నిలిపివేశాను.

నా అభిప్రాయాన్ని మార్చింది వన్నాక్రై, అంటే ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే వైరస్. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ విడుదల చేసింది. అదే లోపాన్ని వాడుకునే ఎటర్నల్‌బ్లూ అనే సాధనాన్ని ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే ముఠా బయటపెట్టింది. మే 12న మొదలైన దాడిలో 150 దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం పడింది. బ్రిటన్ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. విండోస్ ఎక్స్‌పీ లాంటి పాత వ్యవస్థలకే ఆ గతి పట్టిందని కొందరు ఇప్పటికీ వాదిస్తారు గాని, సోకినవాటిలో అత్యధికం విండోస్ 7 కంప్యూటర్లే. ప్యాచ్ 59 రోజులుగా వాటికి అందుబాటులోనే ఉంది.

ఆ శనివారం ఉదయం మా కంప్యూటర్లను ఒక్కొక్కటే తెరిచి చూస్తే పదకొండింటికి ప్యాచ్ లేదు. రూటర్‌లో 445 పోర్టు, అంటే ఎస్‌ఎంబీ వాడే దారి, బయటివైపు మూసి ఉండడం వల్లనే బయటపడ్డామని నా నమ్మకం.

ప్యాచ్ విడుదలైతే లోపం ఇక రహస్యంగా ఉండదు. పాత ఫైలునూ సవరించిన ఫైలునూ పోల్చి చూసేవారికి ఏ చోట మార్చారో, అక్కడ ఏ తప్పుందో తెలిసిపోతుంది. అలాగని ఒకేసారి అన్నింటికీ వేయమని కూడా నేను చెప్పను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన తప్పుడు అప్‌డేట్ సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నిలబెట్టేసింది. ఆగడానికి గడువు ఉండాలన్నదే నా వాదన.

మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు రెండో మంగళవారం, మనకు రాత్రి వేళ, వస్తాయి. బుధవారం రెండు కంప్యూటర్లకు వేస్తాను. అందులో ఒకటి బిల్లింగ్ ప్రింటర్ తగిలించినదే. శనివారం సాయంత్రానికి మిగతావన్నీ పూర్తిచేస్తాను. ప్యాచ్ సరిచేసే లోపంపై ఇప్పటికే దాడులు జరుగుతున్నాయని మైక్రోసాఫ్ట్ ప్రకటనలో ఉంటే మాత్రం, బ్యాకప్ సరిచూసుకుని బుధవారమే అన్నింటికీ వేసేస్తాను.