ట్రైనర్ కాబోతున్నవారి ప్రశ్నలు: బీపీ పట్టీ నుంచి స్టెప్ బల్ల దాకా

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం పర్సనల్ ట్రైనర్ పరీక్షలకు చదువుతున్నవాళ్లవే. కసరత్తు నేర్పడంలో దిట్టలే గానీ, కొలవడం దగ్గరికొచ్చేసరికి తడబడుతున్నారు. కొలత తప్పితే దాని మీద కట్టిన ప్రోగ్రాం మొత్తం తప్పుతుంది. అందుకే ఈసారి శీర్షికంతా దానికే ఇచ్చాం.

ప్రశ్న: కొత్త క్లయింటుకు మొదటి రోజు పుషప్‌లు, స్టెప్ టెస్ట్ (బల్ల ఎక్కి దిగే పరీక్ష) చేయించి, ఆఖర్న బీపీ చూశాను. 148/90 వచ్చింది. ఆయన కంగారుపడిపోయారు. పరీక్షలకు వరస అంటూ ఉందా?

జవాబు: ఉంది. మీరు కొలిచింది ఆయన విశ్రాంతి బీపీ కాదు, శ్రమ పడిన శరీరం బీపీ. ఆ 148ని రికార్డులో రాయకండి. ఇంకో రోజు మొదటి నుంచి మళ్లీ చూడండి.

అన్నిటికన్నా ముందు కాగితం పని. పార్-క్యూ ప్లస్ ప్రశ్నావళి మొదటి పేజీలో 7 ప్రశ్నలుంటాయి. గుండెజబ్బు గానీ అధిక రక్తపోటు గానీ ఉందని డాక్టరు చెప్పారా, ఛాతీలో నొప్పి వస్తుందా, గడిచిన 12 నెలల్లో తల తిరిగి తూలడమో స్పృహ తప్పడమో జరిగిందా, వేరే దీర్ఘకాలిక జబ్బులున్నాయా, వాటికి మందులు వాడుతున్నారా, ఎముకలు, కీళ్ల బాధలున్నాయా, వైద్యుల పర్యవేక్షణలోనే వ్యాయామం చేయాలన్నారా అని. ఒకదానికి ‘అవును’ అన్నంత మాత్రాన పని ఆగిపోదు, తర్వాతి పేజీల్లోని ప్రశ్నలకు వెళ్లాలి. శ్రమ పడితే ఛాతీ నొప్పి, కారణం తెలియని ఆయాసం, స్పృహ తప్పడం: వీటిలో ఏది విన్నా ఆ రోజు పరీక్షలేవీ వద్దు, ముందు డాక్టరు దగ్గరికి పంపండి. ఫారం చేతిలో పెట్టి సంతకం తీసుకుని ఊరుకోవడం మంచి అలవాటు కాదు. పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా చదివి వినిపించండి. ‘మందులు వాడుతున్నారా’ అంటే లేదన్న మనిషే ‘పొద్దున్నే మాత్ర ఏదైనా వేసుకుంటారా’ అంటే అవునంటారు.

తర్వాత బీపీ. అంతకు ముందు అరగంటలో కాఫీ, సిగరెట్, వ్యాయామం ఏవీ ఉండకూడదు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద ఆనేలా, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద చుట్టాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ లోపలి గాలితిత్తి దండచేతి చుట్టుకొలతలో సుమారు 80 శాతం చుట్టి రావాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే అంకె లేనిపోనిది పెరిగి కనిపిస్తుంది, జిమ్ముల్లో తరచూ జరిగే పొరపాటు ఇది. నిమిషం తేడాతో రెండుసార్లు తీసి సగటు రాయండి. విశ్రాంతిలోనే పై అంకె 200 గానీ కింది అంకె 110 గానీ దాటితే శ్రమ పరీక్షలు పెట్టకూడదు.

ఆ తర్వాత ఎత్తు, బరువు, నడుం చుట్టుకొలత, స్కిన్‌ఫోల్డ్ (కొవ్వు అంచనాకు చర్మపు మడత మందం). ఇవి చెమట పట్టకముందే అయిపోవాలి. తడి చర్మం వేళ్లకు చిక్కదు, వ్యాయామం తర్వాత చర్మం కిందికి రక్తం ఎక్కువగా చేరి మడత మందంగా తోస్తుంది. అవయ్యాక గుండె, ఊపిరితిత్తుల దమ్ము చూసే పరీక్ష, ఆపైన కండరాల బలం, ఓర్పు, చివరికి ఒళ్లు వెచ్చబడ్డాక సాగే గుణం. మీరు పుషప్‌లు ముందు పెట్టడంతో స్టెప్ టెస్ట్ నాడి కూడా చెడిపోయింది. ఒక్కటి గుర్తుంచుకోండి: క్రీడాకారులకు వరస వేరు. వాళ్లకు వేగం, గరిష్ట బలం ముందు చూసి, దమ్ము పరీక్ష చివరికి ఉంచుతారు. పరీక్ష పేపర్లో ప్రశ్న ఎవరి గురించి అడిగారో చూసి రాయండి.

ప్రశ్న: 45 ఏళ్ల క్లయింటుకు 220లోంచి వయసు తీసేస్తే గరిష్ట గుండె వేగం 175. దానిలో 75 శాతం, అంటే 131 దగ్గర ఉంచాలనుకున్నాను. ఆవిడ నాడి 112 దాటడం లేదు గానీ బాగా రొప్పుతున్నారు. వాచీ పాడైందా?

జవాబు: వాచీ సంగతి తర్వాత, ముందు ఆవిడ మందుల చీటీ చూడండి. పేరు చివర ‘ఓలోల్’ అని వచ్చే మాత్రలు, అటెనొలోల్, మెటొప్రొలోల్ లాంటివి, గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వాడేవాళ్లకు వయసు లెక్కన వచ్చే ఏ అంకే పనికిరాదు. మీరు 131 కోసం వేగం పెంచుకుంటూ పోతే ఆవిడను శక్తికి మించి తోసినట్టే. అలాంటివారికి, ఎంత శ్రమ అనిపిస్తోందో వాళ్లే అంకెలో చెప్పే బోర్గ్ స్కేలు వాడండి: 6 నుంచి 20 దాకా ఉండే ఆ కొలమానంలో 12, 13 అంటే మధ్యస్థ శ్రమ. మాటల పరీక్ష ఇంకా తేలిక. వాక్యం పూర్తిగా చెప్పగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాత్ర మానమనో, తగ్గించమనో చెప్పే హక్కు ట్రైనర్‌కు లేదు.

మాత్రలేవీ లేవనుకున్నా 220 లెక్క కచ్చితం కాదు. నిజమైన గరిష్ట వేగం ఒక్కో మనిషిలో దీనికి 10, 12 అటో ఇటో ఉండడం మామూలే. టనకా అనే పరిశోధకుడి బృందం 2001లో ఇచ్చిన సూత్రం కొంత మెరుగు: వయసును 0.7తో హెచ్చించి 208లోంచి తీసేయాలి. 40 ఏళ్ల దగ్గర రెండు లెక్కలూ 180 దగ్గరే కలుస్తాయి. 60 ఏళ్లకు మాత్రం పాత లెక్క 160 అంటే, ఇది 166 అంటుంది.

కార్వోనెన్ పద్ధతిలో విశ్రాంతి నాడి కూడా కలుస్తుంది గనుక నేను దాన్నే వాడమంటాను. 45 ఏళ్ల మనిషి, విశ్రాంతి నాడి 72 అనుకోండి. టనకా లెక్కన గరిష్టం 176. తేడా 104. మధ్యస్థ శ్రమకు ఆ తేడాలో 40 నుంచి 59 శాతం తీసుకుని, మళ్లీ 72 కలపాలి. అప్పుడు 114 నుంచి 133 వస్తుంది. పరీక్షల్లో ఎక్కువమంది మర్చిపోయేది ఆ చివరి 72 కలపడమే. 42, 61 అని రాసి వచ్చేస్తారు. నిద్రలో ఉన్న మనిషి గుండె కూడా సాధారణంగా 42 కన్నా వేగంగానే కొట్టుకుంటుందని ఒక్క క్షణం ఆలోచిస్తే తప్పు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: 3 నిమిషాల స్టెప్ టెస్టులో ఒకే మనిషికి సోమవారం 104, గురువారం 118 వచ్చింది. మూడు రోజుల్లో దమ్ము అంత పడిపోతుందా?

జవాబు: పడిపోదు. మారింది పరీక్ష జరిగిన తీరు. వైఎంసీఏ పద్ధతిని ఒకసారి నెమరేసుకుందాం. బల్ల ఎత్తు 12 అంగుళాలు, అంటే 30.5 సెంటీమీటర్లు. మెట్రోనోమ్ (తాళం వేసే పరికరం) నిమిషానికి 96 టిక్కులు. ఒక్కో టిక్కుకు ఒక్క పాదం: పైకి, పైకి, కిందికి, కిందికి. అలా నిమిషానికి 24 ఎక్కి దిగడాలు, మూడు నిమిషాలకు 72. ఆగగానే కూర్చోబెట్టి, 5 సెకన్లలోపే నాడి లెక్కించడం మొదలుపెట్టి, పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. ఆ నిమిషం మొత్తమే ఫలితం.

తేడా ఎక్కువగా ఆ లెక్క దగ్గరే వస్తుంది. ఆగిన తొలి నిమిషంలో గుండె వేగం గబగబా దిగుతుంది. అందుకే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే అంకె పెద్దదవుతుంది, వేళ్లకు నాడి దొరక్క 20 సెకన్లు పోతే చిన్నదవుతుంది. 15 సెకన్లలో ఒక్క దెబ్బ తప్పినా ఫలితంలో 4 తేడా. మూడో నిమిషం ముగిసేలోపే కుర్చీ బల్ల వెనకే సిద్ధంగా పెట్టుకోండి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు చూపుడువేలు, మధ్యవేలు పెట్టాలి. మీ బొటనవేలు పెట్టొద్దు, దానికీ నాడి కొట్టుకుంటుంది.

మిగతా కారణాలు కూడా చూసుకోండి. ముందురోజు కాళ్ల వర్కవుట్, నిద్ర లేకపోవడం, ఉక్కపోత, అప్పుడే తాగిన కాఫీ, ఎక్కేటప్పుడు మోకాలిమీద చేయి ఆనించుకోవడం, మధ్యలో కబుర్లు. అడుగు టిక్కుతో కలిసేదాకా 20 సెకన్లు సాధన చేయించి, నాడి మళ్లీ విశ్రాంతికి వచ్చాకే అసలు పరీక్ష పెట్టండి. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి, తూలేవారికి ఈ బల్ల వద్దు, 1.6 కిలోమీటర్లు వీలైనంత వేగంగా నడిచే రాక్‌పోర్ట్ పరీక్ష పెట్టండి.

ప్రశ్న: కాలిపర్‌తో (చర్మపు మడత కొలిచే పరికరం) నేను కొలిస్తే కొవ్వు 22 శాతం, తోటి ట్రైనర్ కొలిస్తే 25. ఎవరిది నిజం?

జవాబు: రెండూ అంచనాలే. స్కిన్‌ఫోల్డ్ పద్ధతిలో, చేయి తిరిగినవాళ్లు కొలిచినా, సుమారు 3.5 శాతం అటూ ఇటూ పోతుంది. కాబట్టి నెల తర్వాత 22 కాస్తా 21 అయితే ‘కొవ్వు కరిగింది’ అని క్లయింటుకు చెప్పడం నిజాయితీ కాదు. మూడుచోట్ల మడతల మొత్తాన్ని మిల్లీమీటర్లలో రాసి, ఎప్పుడూ ఒక్కరే కొలిస్తే మార్పు బాగా తెలుస్తుంది.

మూడు చోట్లు మగవారికి ఛాతీ, పొట్ట, తొడ. ఆడవారికి దండచేతి వెనక, తుంటి ఎముక పైన, తొడ. అన్నీ కుడివైపే, నిలబెట్టి. ముందు టేపుతో చోటు కొలిచి పెన్నుతో గుర్తు పెట్టండి. తొడ అంటే గజ్జ మడతకూ మోకాలి చిప్ప పైఅంచుకూ సరిగ్గా మధ్య. పొట్ట అంటే బొడ్డుకు 2 సెంటీమీటర్లు పక్కన, నిలువు మడత. బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్నీ కింది కొవ్వునూ కండరం నుంచి ఎత్తి పట్టుకుని, వేళ్లకు 1 సెంటీమీటరు కింద కాలిపర్ నోరు అడ్డంగా పెట్టాలి. మీట వదిలాక ఒకటి రెండు సెకన్లలో చదవాలి. అంతకన్నా ఆగితే కొవ్వు అణిగి అంకె జారిపోతూ ఉంటుంది. చదివేదాకా వేళ్ల పట్టు వదలకూడదు, ముందే వదిలేయడమే కొత్తవాళ్లు చేసే తప్పు. ఒకేచోట వెంటవెంటనే రెండుసార్లు తీయకుండా మూడుచోట్లూ ఒక చుట్టు తిరిగి రండి. రెండు చుట్ల మధ్య 2 మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే మూడోసారి తీయండి.

కొవ్వు శాతం చెప్పే, కాళ్లకింద పెట్టే కరెంటు మిషన్ మీద కూడా ఇంతే నమ్మకం ఉంచండి. ఒంట్లో నీరు మారితే దాని అంకె మారుతుంది.

ప్రశ్న: చేతులు పైకెత్తి గుంజీలు తీసే ఓవర్‌హెడ్ స్క్వాట్‌లో మోకాళ్లు లోపలికి ఒరిగితే పిరుదు కండరం బలహీనమని పుస్తకంలో ఉంది. వెంటనే కాళ్లకు రబ్బరు బ్యాండ్ వేసి నడిపించడం మొదలుపెట్టవచ్చా?

జవాబు: తొందరపడకండి. ఆ ఒరుగుడు చీలమండ దగ్గర మొదలవ్వచ్చు. పాదం పైకి వంగకపోతే, కిందికి దిగాలనుకున్న శరీరం పాదాన్ని చదును చేసుకుని మోకాలిని లోపలికి నెడుతుంది. తేల్చుకోవడం సులువు. మడమల కింద 5 సెంటీమీటర్ల పలక పెట్టి మళ్లీ 5 స్క్వాట్లు చేయించండి. మోకాళ్లు వాటంతటవే సర్దుకుంటే లోపం చీలమండలో ఉండే అవకాశం ఎక్కువ. పలక ఉన్నా ఒరుగుతుంటే అప్పుడు తుంటి వైపు చూడండి.

చీలమండను విడిగా కూడా చూడాలి. గోడకెదురుగా ఒక కాలు ముందుకు పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించమనండి. బొటనవేలి నుంచి గోడకు ఎంత దూరం దాకా తాకుతుందో టేపుతో కొలవండి. 10 సెంటీమీటర్లు ఉంటే మామూలుగా సరిపోతుంది. రెండు కాళ్ల మధ్య తేడా కూడా రాసుకోండి. చాలాసార్లు ఉపయోగపడేది అదే. ఇదంతా చూడకముందు ఒక మాట: మొదటి ప్రయత్నంలో ఎలా చేయాలో సూచనలు ఇవ్వకండి, ఆయనకు అలవాటైన కదలికే మీకు కావాలి. ఆ తర్వాత ‘మోకాళ్లు కాలివేళ్ల వైపు’ అని చెప్పి చూడండి. ఆ ఒక్కమాటతో సరైతే అది బలహీనత కాదు, తెలియకపోవడం. నొప్పి అంటే మాత్రం పరీక్ష ఆపి ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపండి.

ప్రశ్న: మర్నాటి ఒళ్లు నొప్పులకు లాక్టిక్ ఆసిడ్ పేరుకోవడమే కారణమా?

జవాబు: కాదు. లాక్టేట్ వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఆ నొప్పులు 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతాయి. బరువును కిందికి దించేటప్పుడు కండరం సాగుతూ పనిచేయడం వల్ల నారల్లో వచ్చే సూక్ష్మమైన దెబ్బ, దాని వెంట వచ్చే వాపు వీటికి కారణం.

ప్రశ్న: 50 కిలోలతో 8 రెప్స్ (ఎత్తడాలు) చేసినవారు ఒక్కసారి ఎత్తగల గరిష్ట బరువు ఎంత? పుస్తకానికో సూత్రం ఉంది.

జవాబు: ఎప్లీ సూత్రంలో రెప్స్‌ను 30తో భాగించి, 1 కలిపి, బరువుతో హెచ్చించాలి: 63.3 కిలోలు. బ్రిజికీ సూత్రంలో బరువును 36తో హెచ్చించి, 37లోంచి రెప్స్ తీసేసినదానితో భాగించాలి: 62.1. ఏదైనా పర్వాలేదు. అదే బరువుతో 20 రెప్స్ చేశారనుకోండి, మొదటిది 83 అంటుంది, రెండోది 106. అందుకే 10 రెప్స్‌లోపే ఆగిపోయే బరువుతో పరీక్షించండి. కొత్తవారికి నేరుగా గరిష్ట బరువు ఎత్తించడం కన్నా ఈ అంచనాయే మేలు. రికార్డులో బరువు, రెప్స్‌తో పాటు సెట్ ఎందుకు ఆగిందో కూడా రాయండి: కండరం అలసిందా, ఫామ్ చెడి మీరే ఆపారా, పట్టు జారిందా. పట్టు జారి ఆగిన 8 రెప్స్ మీద వేసిన లెక్క అసలు కండర బలాన్ని చెప్పదు.