శెనక్కాయ వాడిపోతుంటే పక్కనే కొర్ర ఎలా నిలబడుతుంది?

మా అనంతపురం చేలల్లో వాన ముఖం చాటేస్తే కనిపించే తేడానే మీరు అడిగారు. వేళ్లు, పంటకాలం లాంటి కారణాలూ ఉన్నాయి కానీ అసలు సరదా ఒక ఎంజైమ్‌లో, అంటే కణంలో రసాయన పనులు నడిపే ప్రోటీన్‌లో ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర తయారీ మొదలుపెట్టేది రుబిస్కో. మహా నెమ్మది, సెకనుకు సుమారు 3 అణువులే! ఎండ ముదిరి ఆకు రంధ్రాలు మూసుకుంటే లోపల కార్బన్ డయాక్సైడ్ తగ్గి, రుబిస్కో పొరపాటున ఆక్సిజన్‌ను పట్టేస్తుంది. శెనక్కాయకు ఆ శ్రమంతా దండగ.

కొర్ర, జొన్నల్లో ముందు పెప్ కార్బాక్సిలేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఉంటుంది. అది ఆక్సిజన్ జోలికే పోదు. తను పట్టిన కార్బన్‌ను లోపలి కణాల్లోని రుబిస్కో దగ్గరికి చేరవేస్తుంది. అందుకే రంధ్రాలు సగం మూసినా తిండికి పెద్దగా లోటు రాదు, నీళ్లూ మిగులుతాయి.