అరికాళ్ల మంటకు వేడినీళ్లా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్. రాత్రయితే అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు. మాత్రలు కాకుండా వేడినీళ్లు, కరెంటు మిషన్ లాంటివి పనిచేస్తాయా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వేడినీళ్లు మాత్రం వద్దండీ. స్పర్శ తగ్గిన కాలికి వేడి తెలీదు, బొబ్బ లేచాక గానీ చూసుకోరు. టెన్స్ అనే చిన్న కరెంటు మిషన్‌తో కొందరికి నొప్పి తగ్గుతుంది గానీ షుగర్ వల్ల దెబ్బతిన్న నరం దాంతో బాగవదు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లయితే డాక్టర్‌ని అడక్కుండా దాని జోలికి పోకూడదు. ముందు 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో స్పర్శ పరీక్ష, చేతి బీపీనీ చీలమండ బీపీనీ పోల్చే పరీక్ష చేయించుకోండి. ఈ బీపీ పరీక్షలో కాళ్ల రక్తనాళాలు ఇరుకయ్యాయని తేలితే, కాళ్లకు పుండ్లు లేకపోతే, డాక్టర్ సరేనన్నాక నడక మొదలుపెట్టండి: పిక్కలు పట్టేస్తే ఆగి, నొప్పి తగ్గాక మళ్లీ నడవాలి. సిగరెట్ మానకుండా మసాజ్‌లకు డబ్బు పెట్టడం దండగ. బూట్లు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి, రాయి ఉన్నా మీ కాలు చెప్పదు.